చిప్పబొగ్గుకు తూకం ఒక్కటే చాలదు

కొబ్బరి చిప్పల బొగ్గును బస్తా తూచి, కంటితో చూసి కొనడం చాలాచోట్ల వాడుక. పొయ్యికీ ఇస్త్రీ పెట్టెకీ పోయే బొగ్గుకు ఆ పద్ధతి సరిపోవచ్చు. యాక్టివేటెడ్ కార్బన్ తయారుచేసే ఫ్యాక్టరీలకు పోయే సరుకుకు మాత్రం ఎంతమాత్రం సరిపోదు. ఈ సంగతి వర్తకులు ఎంత త్వరగా గ్రహిస్తే అంత మేలు.

చిప్పను గాలి చొరకుండా కాలిస్తే తేమ, తారు, వాయువులు పోయి బొగ్గు మిగులుతుంది. దీనినే పైరోలిసిస్ అంటారు. 100 కిలోల చిప్పకు సుమారు 25 నుంచి 30 కిలోల బొగ్గు దిగుతుంది. ఆ బొగ్గుకు ఫ్యాక్టరీలో 800 డిగ్రీలు దాటిన వేడిలో నీటి ఆవిరి తగిలిస్తే, కర్బనంలో కొంత భాగం వాయువై పోయి, కంటికి కనపడని సూక్ష్మ రంధ్రాలు ఏర్పడతాయి. మేలు రకంలో ఒక్క గ్రాముకు లోపలి ఉపరితలం 1,000 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. మంచినీటి శుద్ధికి ఈ సరుకు కావాలి. అమెరికాలోని హోమ్‌స్టేక్ గని 1973లో సయనైడు ద్రావణం నుంచి బంగారాన్ని కార్బన్‌తో పట్టే పద్ధతిని పెద్ద ఎత్తున ప్రవేశపెట్టాక, అరుగుదలకు తట్టుకునే చిప్ప కార్బన్‌కు గనుల గిరాకీ కూడా తోడయింది.

ఇక లెక్క చూద్దాం. ఒక టన్ను కార్బన్‌కు సుమారు మూడు టన్నుల బొగ్గు పడుతుంది. కర్బనం తరిగిపోతుంది గాని, బూడిద తరగదు. బొగ్గులో 2 శాతం బూడిద ఉంటే తయారైన సరుకులో అది 6 శాతమవుతుంది. గోతిలో కాల్చినప్పుడు అంటుకున్న మట్టి మరో 2 శాతం చేరిందంటే 12 శాతం! బస్తాలో చిన్నదిగా కనిపించే కల్తీ ఫ్యాక్టరీలో మూడింతలవుతుంది. పై రకానికి పోవలసిన సరుకు కింది రకం ధరకు దిగుతుంది. తడి సంగతి సరేసరి. నూటికి పది పాళ్లు నీరుంటే, వంద బస్తాలకు పది బస్తాల నీటికి డబ్బిచ్చినట్టే.

చిప్ప ధర పెరిగితే రాతిబొగ్గు వాడుకోవచ్చుగదా అనేవారున్నారు. బూడిద తక్కువున్న రాతిబొగ్గుతో అమెరికా, చైనాలు కార్బన్ చేస్తున్న మాట నిజమే. సింగరేణి బొగ్గులో చాలా రకాలకు బూడిద 30 శాతం, ఆ పైన ఉంటుంది. అటువంటి బొగ్గు మూడు టన్నులు వేస్తే 900 కిలోలు బూడిదే! మన రైస్ మిల్లుల ఊకలోనూ ఐదో వంతు దాకా బూడిద ఉంటుంది. వాటి ఉపయోగాలు వాటికున్నాయి గాని, చిప్పకు అవి పోటీ కావు.

పైగా చిప్ప రాబడి మన చేతిలో లేదు. కోనసీమ కాయలో పెద్ద భాగం కాయగానే ఉత్తరాదికి పోతుంది. చిప్ప కూడా దానితోనే పోతుంది. ఎండుకొబ్బరి చేసే చోటనే చిప్ప మిగులుతుంది. కాయకు గిరాకీ హెచ్చిన రోజుల్లో చిప్ప తగ్గుతుంది. కలిపి అమ్మాలనే ఆశ పుట్టేది కూడా అప్పుడే.

చిన్న చిన్న లాట్లకు పరీక్షలేమిటని కొందరనవచ్చు. తేమ, బూడిద తేల్చడానికి ఒక ఓవెన్, ఒక మఫిల్ కొలిమి, ఒక సున్నితమైన త్రాసు చాలు. ఒక్కొక్కరికి భారమైతే మార్కెట్‌లోని వర్తకులు ఉమ్మడిగా పెట్టుకోవచ్చు. తేమకు తరుగు, బూడిదకు కోత, శుభ్రమైన సరుకుకు పై ధర అని ముందే రాసుకుంటే బేరంలో తగాదా ఉండదు. బాగా కాల్చి, ఆరబెట్టి, జల్లించి తెచ్చిన బట్టీ యజమానికీ, నీళ్లు చల్లి తెచ్చినవానికీ ఒకే ధర ఇచ్చినంత కాలం మంచి సరుకు మార్కెట్‌కు రాదు.