అడ్వాన్సు మన సొమ్ము కాదు!

పుట్టపర్తిలోనూ, విశాఖలోనూ ఇంట్లో గదిని విదేశీ అతిథులకు అద్దెకిచ్చి నాలుగు రాళ్లు వెనకేసుకుంటున్న గృహిణులున్నారు. మంచిదే! అయితే పేచీలు అద్దె దగ్గర కన్నా అడ్వాన్సు దగ్గరే ఎక్కువ.

సామాను పాడైతే మినహాయించుకోవడానికి తీసుకునే ఆ డబ్బు మన ఆదాయం కాదు. పాల బిల్లుకో, పిల్లల ఫీజుకో వాడేస్తే అతిథి ఆటో ఎక్కే వేళకి ఎక్కణ్నుంచి తెస్తాం? విడిగా దాచాల్సిందే.

విదేశీయులు దిగిన 24 గంటల్లోగా పాస్‌పోర్టు వివరాలు అధికారులకు పంపాలి కదా! నన్నడిగితే, ఆ రోజే సామాను జాబితా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఫోన్లో ఫొటోలు తీయండి, రసీదివ్వండి. డాలర్లయితే తిరిగిచ్చే నాటికి రేటు మారిపోతుంది, రూపాయలే మేలు. వెళ్లాక పంపాలంటే బ్యాంకు ఛార్జీలు తప్పవు. అందుకే ప్రయాణానికి ముందురోజే లెక్క తేల్చేయండి.

గ్లాసు పగిలితే గ్లాసు ధరే తీసుకోండి, బిల్లు చూపండి. పాత దుప్పటి మీద మరక పడిందని కొత్తదాని ఖరీదు రాబట్టడం న్యాయమా? భాష రాని మనిషి మనతో వాదించలేదు. వాదించలేని వాళ్ల దగ్గరే మన నిజాయితీ తేలేది!