పూర్తధర్మం – నిర్వచనానికి అందని చెరువు

ఇష్టము, పూర్తము అనే రెండు పుణ్యకర్మలను వైదిక సంప్రదాయం జంటగా చెబుతుంది. యజ్ఞయాగాదులు ఇష్టం, వాపీ కూప తటాక నిర్మాణం, ఆరామ ప్రతిష్ఠ, అన్నదానం పూర్తం. అయితే తటాకం త్రవ్వించినంత మాత్రాన యజమాని కర్తవ్యం తీరదు. ప్రతిష్ఠ పిమ్మట ఉత్సర్గం జరగాలి. అనగా ఆ జలంపై తన స్వామ్యాన్ని త్యజించి, సమస్త భూతాలకూ దానిని ధారపోయాలి. ఆ క్షణం నుండి ఆ నీటిపై కర్షకునికి ఎంత అధికారమో, దప్పికతో వచ్చిన పశువుకూ, గట్టు మీది చెట్టున గూడు కట్టిన కొంగకూ అంతే అధికారం.

పూర్వపు ఖమ్మం మండలంలోని బయ్యారం చెరువు అట్టి పూర్తకర్మకు నిదర్శనం. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ దానిని నిర్మింపజేసింది. శాసనం నేటికీ సాక్ష్యం పలుకుతున్నది.

కేంద్ర ప్రభుత్వం 2017లో వెలువరించిన చిత్తడి నేలల నియమావళి దృష్టిలో మాత్రం ఇటువంటి చెరువు చిత్తడి నేల కాదు. సాగునీటికై, త్రాగునీటికై మానవుడు ప్రత్యేకంగా నిర్మించిన జలాశయాలను ఆ నిర్వచనం మినహాయించింది. వరిచేలు, నదీప్రవాహ మార్గాలు సైతం దాని వెలుపలే. కనుక పాలేరు, వైరా జలాశయాలకు అందులో స్థానం లేదు. భద్రాద్రి పాదాలను ఒరసి పారే గోదావరికీ లేదు! 1971లో ఇరాన్ దేశపు రామ్‌సర్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక సహజమా, కృత్రిమమా అన్న భేదం పాటించలేదు. నిలిచిన నీరా, పారే నీరా అనీ విడదీయలేదు. 1982లో మన దేశం దానిలో భాగస్వామి అయింది.

చెరువుకు పూడిక తీయాలన్నా, తూము బాగుచేయాలన్నా నిబంధనలు అడ్డురాకూడదు కదా అని ఈ మినహాయింపును సమర్థించేవారు అంటారు. అందులో సత్యం లేకపోలేదు. జీర్ణోద్ధరణను శాస్త్రం కూడా కీర్తించింది. అయినా ఆ నియమావళి నిర్మాత ఉద్దేశాన్ని మాత్రమే చూసింది, ఉత్సర్గానంతర స్థితిని చూడలేదు. మానవనిర్మితమైనది ప్రాణికోటికి ఆశ్రయం కాజాలదా? సమాధానం పాల్వంచ చెంతనే ఉన్నది. విశ్వనాథ సత్యనారాయణ పాటలుగా గానం చేసిన కిన్నెరసానిపై కట్టిన జలాశయం తాపవిద్యుత్కేంద్రానికి నీరందించుటకై వెలసినది. నేడు అందులో మొసళ్ళు నివసిస్తున్నాయి. దాని చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అరణ్యం 1977 నుండి అభయారణ్యం. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపుగా ఉన్నది. అభయారణ్యం ఎల్ల దాటి, బూర్గంపాడు చెంత గోదావరిలో కలిసేందుకు సాగిపోయే అదే నీటికి ప్రధాన రక్షణ 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టమే. పైగా 2014లో ఏటపాక మొదలైన గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరడంతో, భద్రాచలం పొలిమేర దాటగానే కాలుష్య నియంత్రణ మండలి కూడా మారిపోతుంది. నీటికి ఈ సరిహద్దులు తెలియవు.

కేంద్ర నియమావళి మారేవరకు రాష్ట్రం చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టం, అనగా వాల్టా, చిన్ననీటి చెరువులనూ వాటి కాలువలనూ వారసత్వ జలవనరులుగా ప్రకటించి, హద్దులు శాశ్వతంగా నిర్ణయించే అధికారం ఇచ్చింది. ఉత్సర్గ భావనకు అత్యంత సమీపంలో ఉన్న శాసనం ఇదే. అది గ్రంథాలలో నిద్రించడం శోచనీయం.

భక్తుల బాధ్యత మాటేమిటి? జలంలో మలమూత్రాలు, ఉమ్మి, అశుద్ధ వస్తువులు, రక్తం, విషం విడువరాదని మనుస్మృతి నాల్గవ అధ్యాయం నిషేధించింది. కర్మాగారపు వ్యర్థజలానికి ఆ జాబితాలోని చివరి పదం చక్కగా సరిపోతుంది. స్నానఘట్టంలో విడిచే మాసిన వస్త్రాలకు, ప్లాస్టిక్ సంచులకు దాని ముందరి పదాలు చాలు. మిల్లును నిందించే నోటితోనే సంకల్పం చెప్పుకొని, పూజాద్రవ్యాల పొట్లాన్ని నదిలోకి విసరడం ఏ ధర్మం?

భద్రాద్రి ఏజెన్సీ గ్రామాలకు మరొక మార్గమూ ఉన్నది. షెడ్యూల్డు ప్రాంతాలలోని చిన్న జలవనరుల ప్రణాళికను, నిర్వహణను 1996 నాటి పెసా చట్టం పంచాయతీలకు అప్పగించింది. ఊరి చెరువును వారసత్వ జలవనరుగా ప్రకటించమని తొలి తీర్మానం ఏ కోయగూడెపు గ్రామసభ నుండి వచ్చినా చాలు, వాల్టా అధికారులు దానికి సమాధానం చెప్పవలసి ఉంటుంది.