ఏం కనబడుతోంది నాన్నా?

మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు కాగానే అమెరికా గడియారం మూడుకు దూకేస్తుంది. ఫోను, కంప్యూటరు వాటంతటవే సర్దుకుంటాయి. మైక్రోవేవ్ మాత్రం మనం చెయ్యి వేసేదాకా పాత టైమే చూపిస్తుంది. కొందరి కార్లయితే నవంబరు దాకా అలాగే ఉండి, అప్పుడు ఎవరి ప్రమేయమూ లేకుండా మళ్లీ కరెక్టయిపోతాయి.

అసలు చిక్కు వేరే. చికాగో, డాలస్ వాళ్లు ఆదివారం పొద్దున ఎనిమిదికి ఇండియాలో ఇంటికి ఫోన్ చేస్తే చలికాలమంతా అక్కడ రాత్రి ఏడున్నర. ఇప్పుడది ఆరున్నర. ఏడున్నరకు అమ్మ తీరుబడిగా కూర్చుని ఉంటుంది. ఆరున్నరకు దీపం పెట్టే హడావిడి, పైగా "గంట ముందే చేశావేం, అంతా బాగానే ఉన్నారా?" అని కంగారు. లండన్‌లో బాబాయి పిల్లలు ఉన్నారనుకోండి, వాళ్ల గడియారం మారేది మార్చి చివరి ఆదివారం. ఫీనిక్స్‌లో ఉన్న పెద్దక్కకు ఈ గొడవే లేదు, ఎందుకంటే ఆ ఊరు గడియారాన్ని ముట్టుకోదు. ఆవిడ అందరికంటే గంట అటూ ఇటూగా వచ్చి, తప్పు మీదే అంటుంది. నా సలహా ఒక్కటే: అందరూ కలిసి మాట్లాడుకునే కాల్‌కు ఇండియా టైము పెట్టి ఆహ్వానం పంపండి. మారేవాళ్లం మనం. పెద్దవాళ్ల దీపం వేళ మారదు.

ఈ అరగంట లెక్క ఎందుకు, తొమ్మిదో పదో అని తిన్నగా ఉండొచ్చుగా అని ఇక్కడ పుట్టిన పిల్లలు అడుగుతారు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. మన దేశం టైముకు ఎంచుకున్న రేఖాంశం 82½ డిగ్రీలు. నాలుగుతో హెచ్చవేస్తే 330 నిమిషాలు, అంటే గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. ఆ గీత మీర్జాపూర్ దగ్గరగా కిందికి దిగి, మన కాకినాడ జిల్లా తుని పరిసరాల్లో సముద్రం చేరుతుంది. దేశం మొత్తం మీద సూర్యుడూ గడియారమూ ఇంచుమించు ఒక మాట మీద ఉండే ఊళ్లలో తుని ఒకటన్నమాట. ఈ సంగతి తెలిస్తే ఆ ఊరివాళ్లను ఇక పట్టలేం! 1906లో ఈ టైము రాకముందు రైళ్లు మద్రాసు టైముతో నడిచేవి, అది దీనికంటే తొమ్మిది నిమిషాలు వెనక. టైముల తకరారు మన ముత్తాతలకూ ఉండేది.

మా నాన్నగారికి ఫోన్లో మాట్లాడటం రాదు. "ఆఁ, బాగున్నారా, పిల్లలు బడికెళ్తున్నారా, ఇదిగో అమ్మకిస్తున్నా." అంతే. చాలా ఇళ్లలో నాన్నల వరస ఇదే. అమ్మ చేతిలో ఫోనుంటే తెరమీద సగం నుదురు, మిగతా అంతా ఫ్యాను. వెనకనుంచి "రాత్రంతా కరెంటు లేదని చెప్పు" అని నాన్న గొంతు. అదే టీవీ మొరాయిస్తే మాత్రం ఆయనే లైన్లోకి వస్తారు.

"ఏం కనబడుతోంది నాన్నా?"

"ఏదో గుండ్రంగా తిరుగుతోంది."

"రిమోట్ మీద ఇల్లు బొమ్మ ఉంటుంది, అది నొక్కండి."

"ఇల్లు లేదు. బాణం ఉంది."

"బాణం నొక్కితే?"

"మీ అమ్మ సీరియల్ పోయింది."

ఇక వైఫై పెట్టె ఆపి, మళ్లీ వేసి, లైట్లు వెలిగేదాకా ఆగాలి. ఆ ఆగడంలో వస్తాయి కబుర్లు. ఎదురింటివాళ్లు ప్రహరీ ఎత్తు పెంచారట. పెరట్లో మామిడి ఈసారి పూత బాగా పట్టిందట. మొన్న పరీక్షలో షుగర్ కాస్త ఎక్కువొచ్చిందట, అమ్మకింకా చెప్పలేదట. ఆ చివరిది మామూలు ఆదివారం ఫోన్లో నా చెవిన పడేది కాదు. ఎలా ఉన్నారు అని అడిగితే ఆయనకు నోరు పెగలదు. మధ్యలో చెడిపోయిన వస్తువొకటి ఉంటే గంటసేపు మాట్లాడగలరు. అన్నీ తమంతట తామే బాగుపడే యంత్రాలు వస్తున్నాయంటే నాకేమంత సంబరంగా లేదు.

ఓటీపీ కథ వేరు. నా ఇండియా బ్యాంకు ఖాతాకు ఉన్నది ఆయన ఫోన్ నంబరు. ఎవరికీ చెప్పొద్దని నూరిపోసింది నేనే కాబట్టి నాకూ చెప్పరు. వీడియోలో మొహం చూపిస్తే, "ఈమధ్య మొహాలు కూడా తయారుచేస్తున్నారట కదమ్మా" అన్నారు. కాదనలేకపోయాను.

మా పత్రిక ఉగాది సంచికకు వచ్చిన కథల్లో కొన్ని ఫాంటు కుదరక చదరపు గళ్లుగా తేలాయి. ఫోన్లు మన అక్షరాలను ఏడిపించడమే కాదు, మన అక్షరం ఫోన్లను ఏడిపించిన రోజులూ ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఒక రకం కూర్పుతో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు టపటపా మూసుకుపోయేవి. ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ఈ ముచ్చట చెప్పినప్పుడు నాన్నగారు ఎంత మురిసిపోయారో!

ఇక పండుగ తేదీ. పాడ్యమి మొదలయ్యే క్షణం లోకమంతటికీ ఒకటే. ఉగాది మాత్రం ఎక్కడి సూర్యోదయాన్ని బట్టి అక్కడ. ఇండియాలో తెల్లవారిన చాలా గంటలకు గానీ మనకు తెల్లవారదు. ఈలోగా అమావాస్య వెళ్లి పాడ్యమి వచ్చేస్తే, కొన్ని సంవత్సరాల్లో మన పండుగ తేదీ ప్రకారం వాళ్లకంటే ఒకరోజు ముందే పడుతుంది. గడియారంలో వెనకబడ్డవాళ్లం పచ్చడి ముందు తింటాం! నాన్నగారు ససేమిరా ఒప్పుకోలేదు. వెనక ఉన్నవాళ్లకు ముందెలా వస్తుందని గదమాయించారు. కాగితం మీద గీసి వీడియోలో చూపించినా లాభం లేకపోయింది. సిద్ధాంతిగారిని అడిగి తేలుస్తానన్నారు. "మీ గుడివాళ్లు వేసిన పంచాంగం ఫోటో తీసి పంపు, ఆయనకు చూపిస్తాను. అదెలా తెరవాలో ఫోన్ చేసి చెప్పు" అన్నారు.