కుక్క అన్నం ముట్టకపోతే

కుక్క పళ్ళెం దగ్గరకు వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగిందంటే మన ఇళ్ళలో ముందు జరిగేది వంటకం మార్చడం. పెరుగన్నం వద్దంటే పాలు, పాలూ వద్దంటే బిస్కెట్లు. అప్పుడు చూడవలసింది పళ్ళేన్ని కాదు, కుక్కను అంటాను నేను.

ఎదిగిన కుక్క ఒక పూట మానేసినా, నీళ్ళు తాగుతూ, తోక ఊపుతూ తిరుగుతుంటే కంగారు అక్కరలేదు. ఎండాకాలంలో పగలు మాని, చల్లబడ్డాక తినేవీ ఉన్నాయి. ఏ పక్కింట్లోనో విందు ఆరగించి వచ్చిందేమో కూడా కనుక్కోండి! కాని రోజు గడిచినా ముట్టకపోతే పశువైద్యుడికి చూపించవలసిందే. కూనలకు అంత గడువు కూడా ఇవ్వరాదు. వాంతులు, నెత్తురు విరేచనాలు తోడైతే పార్వో జబ్బు కావచ్చు, వెంటనే తీసుకువెళ్ళాలి.

మన ప్రాంతాల్లో తరచు మోసం చేసేది పిడుదుల వల్ల వచ్చే జ్వరం. చెవుల్లో, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద వెతకండి. చిగుళ్ళు తెల్లగా పాలిపోతే నెత్తురు తగ్గిందన్నమాట. ముక్కు తడిగా ఉన్నది గనుక జ్వరం లేదనుకోకండి. కుక్క ఒళ్ళు సహజంగానే మనకంటె వెచ్చన; 101 నుంచి 102.5 డిగ్రీల వరకు జ్వరం కాదు. అంతకు మించినా సరే, మన పారాసెటమాల్ మాత్ర విరిచి వేయకండి. అది కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఆడకుక్క ఎద ముగిసిన నెలా రెండు నెలల్లో అన్నం మాని, నీళ్ళు మాత్రం విపరీతంగా తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. ఆనాడే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గొంతులో ఎముక ఇరుక్కున్నదేమోనని నోట్లో చెయ్యి పెట్టేవారు చాలామంది. చొంగ కారుస్తూ, మింగలేక, అరుపు మారి, మూల చేరిన కుక్క నోట్లో చెయ్యి పెట్టకూడదు. అది రేబిస్ కావచ్చు. పిల్లలను దూరంగా ఉంచి వైద్యుడికి కబురు చేయండి. కరిచినా, ఒంటి మీది గాయానికి చొంగ తగిలినా, 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో కడిగి, ఆ రోజే టీకాకు వెళ్ళాలి. ఆ జబ్బు బయటపడ్డాక బతికించే మందు లేదు.

జబ్బేమీ లేదని తేలాకే మన వంట. ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఎముకలు తీసి, మెత్తటి అన్నంలో కలిపి గోరువెచ్చగా పెట్టండి. వెచ్చగా ఉంటే వాసన బాగా తగులుతుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురుకు చేటు, కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు. పళ్ళెం 20 నిమిషాలు ఉంచి తీసేయండి. మధ్యలో బిస్కెట్లు పెట్టకూడదన్న సంగతి తాతగారికి కూడా ముందే చెప్పి ఉంచాలి.