బాపు సర్కారుకిచ్చిన అప్పు

మొన్న ఆఫీసులో లంచ్ చేస్తుంటే ఎప్పట్లాగే టాక్సుల మీదకి మళ్ళింది చర్చ. "మనం నెలనెలా కట్టించుకునేది ఎవడో ఊరికే ఇంజినీరింగ్ చదువుకోడానికా?" అన్నాడు మా టీమ్‌లో ఒకతను. మంచివాడే పాపం, మనసులో ఏమీ ఉండదు. అతనికి తెలియనిదల్లా, ఆ 'ఎవడో' తన ఎదురుగానే కూర్చుని పెరుగన్నం తింటున్నాడని :)

అవును, నేను ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివినవాణ్ణే. మాది ఏటూరునాగారం. నేను ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు వరంగల్ జిల్లా, చదువు మధ్యలో భూపాలపల్లి జిల్లా, ఉద్యోగంలో చేరాక 2019లో ములుగు జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు, అడ్రసు ప్రూఫులు మాత్రం మారుతూనే ఉన్నాయి. 2014 ఎంసెట్‌లో నా ర్యాంకు పదివేలు దాటింది. బీసీని. అంటే ఏడాదికి 35 వేలు ప్రభుత్వం కడుతుంది, ఆ పైన ఎంతుంటే అంత మేము కట్టుకోవాలి. నాలుగేళ్ళకి ప్రభుత్వ వాటా లక్షా నలభై వేలు. పోయినేడాది నేను కట్టిన ఇన్‌కమ్ టాక్స్ దానికంటే ఎక్కువే. కాబట్టి ఆ లెక్క నా మటుకు తేలిపోయింది, దాని మీద ఎవరితోనూ వాదన పెట్టుకోను.

నేను చెప్పాలనుకున్నది వేరే లెక్క. ఆ డబ్బు నాకు 'ఊరికే' ఇచ్చే క్రమంలో ప్రభుత్వం మా బాపు దగ్గర అప్పు చేసింది. కాగితం రాయలేదు, వడ్డీ ఇవ్వలేదు, అసలు అడగనే లేదు.

ఎలాగంటే... ముందు ఈ పథకం ఎలా నడుస్తుందో తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు 1944 ప్రాంతం నుంచే ఉన్నాయి. 2008-09లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఉమ్మడి రాష్ట్రంలో దీన్ని పెద్ద ఎత్తున విస్తరించి, ప్రైవేటు కాలేజీల ట్యూషన్ ఫీజు కూడా మేమే కడతామంది. దాంతో మా వైపు ఇళ్ళల్లో ఇంజినీరింగ్ అనే మాట మొదటిసారి వినబడింది. విద్యార్థి ఈపాస్‌లో అప్లై చేస్తాడు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ పెడతాడు, వేలిముద్ర వేస్తాడు, 75 శాతం హాజరు చూపిస్తాడు. కాలేజీ వెరిఫై చేస్తుంది, సంక్షేమ శాఖ శాంక్షన్ చేస్తుంది, బిల్లు ట్రెజరీకి వెళ్తుంది, అక్కడో టోకెన్ పుడుతుంది. ఈ టోకెన్ మన లాగిన్ టోకెన్ లాంటిది కాదు, దానికి ఎక్స్‌పైరీ లేదు. ఆర్థిక శాఖ డబ్బు వదిలేదాకా అది అలా క్యూలో ఉంటుంది. నెలలు కావచ్చు, ఏళ్ళు కావచ్చు.

ఇక్కడే తిరకాసు. కోర్సుకి ముగింపు తేదీ ఉంది, టోకెన్‌కి లేదు. నాలుగేళ్ళూ అయిపోయాక కాలేజీ చేతిలో మిగిలేది ఒక్కటే తాకట్టు వస్తువు: పిల్లవాడి ఒరిజినల్ సర్టిఫికెట్లు.

2018 జూలైలో నా జాయినింగ్. కంపెనీవాళ్ళు ఒరిజినల్స్ తెమ్మన్నారు. కాలేజీ ఆఫీసుకి వెళ్తే గుమాస్తా లెడ్జరు తిప్పి, "మూడో ఏడాదిదీ, నాలుగో ఏడాదిదీ ఆర్టీఎఫ్ రాలే. డెబ్బై వేలు కట్టి తీస్కపో. గవర్నమెంటు పైసలు పడ్డంక నీయి నీకిస్తం" అన్నాడు. కోపంగా కూడా కాదు, అందరికీ చెప్పే మాటే చెప్పాడు. నా వెనకాల లైన్లో ఇంకో పదకొండు మంది ఉన్నారు.

బాపు కౌలుకి మిర్చి వేస్తాడు. జూలై అంటే ఇంకా నారు కూడా పోయని కాలం, ఇంట్లో రూపాయి ఉండదు. మొదట బ్యాంకుకే వెళ్ళాం, నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. ఎడ్యుకేషన్ లోన్ నాలుగు లక్షల దాకా షూరిటీ అడగకూడదని ఎక్కడో చదివి, ప్రింటు కూడా తీసుకెళ్ళాను (అప్పట్లో నాకు ప్రింట్ల మీద చాలా నమ్మకం). మేనేజరు మర్యాదస్తుడే. "బాబూ, లోన్ రాబోయే చదువుకిస్తం. అయిపోయిన చదువుకి, అందులో గవర్నమెంటు కట్టాల్సిన ఫీజుకి నేను ఏ ఖాతా కింద ఇయ్యాలె?" అన్నాడు. నిజమే కదా! దానికి ఖాతా లేదు. పర్సనల్ లోన్ అంటే భూమి కాగితాలు అడిగాడు. మాది ఏజెన్సీ. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. మా లాంటి గిరిజనేతరుల ఇళ్ళల్లో ఆ చట్టాన్ని తిట్టుకుంటారు గానీ, అది లేకపోతే కోయవాళ్ళకి ఈపాటికి సెంటు భూమి మిగిలేది కాదు, మంచి చట్టమే. అయినా మాకు సొంత భూమే లేదు కాబట్టి మా గొడవ అక్కడితో అయిపోయింది. నాతో చదివిన కోయ దోస్తు ఒకడికి పోడు పట్టా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసులకి వెళ్తుంది గానీ అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. షూరిటీగా పెడితే బ్యాంకు దాన్నేం చేసుకుంటుంది?

ఆఖరికి ఎనుమాముల మార్కెట్లో బాపు ఏటా మిర్చి అమ్మే అడ్తి దగ్గరికే వెళ్ళాం. నూటికి రెండు రూపాయలు. ఐదు నిమిషాల్లో డబ్బు చేతిలో పడింది, ప్రింట్లేవీ అడగలేదు. 2019 మార్చిలో పంట అమ్మినప్పుడు తక్‌పట్టీలో అసలు డెబ్బై వేలు, ఎనిమిది నెలల వడ్డీ 11,200 కోసుకుని మిగతాది ఇచ్చారు. నేను నెలనెలా పంపింది చెల్లి చదువుకి పోయింది. ప్రభుత్వం డబ్బు ఎప్పుడు పడిందో నాకు తెలీదు. ఐదుసార్లు తిరిగాక 2020 జనవరిలో కాలేజీ 55 వేలు వాపసు ఇచ్చింది. మిగతా పదిహేను వేలు ల్యాబు, లైబ్రరీ, డెవలప్‌మెంటు అట. ఏం డెవలప్ అయిందో చూద్దామని ఒకసారి లోపలికి వెళ్ళాను, గేటుకి కొత్త రంగేశారు.

ఇప్పుడు చెప్పండి, 24 శాతం వడ్డీకి తెచ్చి ప్రభుత్వ బాకీ కట్టినవాడు లబ్ధిదారుడా, అప్పిచ్చినవాడా?

మనందరికీ తెలిసిన ఉదాహరణే ఒకటి. మీ ఇన్‌కమ్ టాక్స్ రిఫండ్ ఆలస్యమైతే ప్రభుత్వం నెలకి అర శాతం వడ్డీ కలిపి ఇస్తుంది. మనం రూపాయి ఆలస్యం చేస్తే ఒక శాతం వసూలు చేస్తుందనుకోండి, అది వేరే ఏడుపు. చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లో బిల్లు చెల్లించకపోతే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలని 2006 చట్టం చెప్తోంది. అంటే డబ్బు ఆలస్యానికి ఒక ధర ఉంటుందని మన చట్టాలకి తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంటు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆలస్యం ఉచితం. ఉచితమైన వస్తువుని ఎవరైనా ధారాళంగానే వాడతారు. ఖజానాలో డబ్బు తక్కువైన నెల, వడ్డీ లేని బాకీని వెనక్కి నెట్టడమే ఏ ఆర్థిక కార్యదర్శికైనా తేలికైన పని. ఏ పార్టీ వచ్చినా ఇదే జరగడానికి కారణం మనుషులు చెడ్డవాళ్ళు కావడం కాదు, డిజైన్ అలా ఉంది.

ఇంకో డిజైన్ చూడాలంటే అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు, కాజీపేట దాకా చాలు. వరంగల్ ఎన్ఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా పాతిక వేలు. 2016 నుంచి ఐఐటీలతో పాటు ఎన్ఐటీల్లోనూ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకీ, కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉన్నవాళ్ళకీ ఆ ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల మధ్య అయితే మూడింట రెండు వంతులు మాఫీ. అక్కడ మాఫీ అంటే బిల్లులోనే కొట్టేయడం. టోకెన్ లేదు, క్యూ లేదు, గుమాస్తా లెడ్జరు తిప్పడం లేదు. అదే ఊళ్ళో, అదే సర్కారు బస్సెక్కి ప్రైవేటు కాలేజీకి వెళ్ళినవాడికి మాత్రం నాలుగేళ్ళూ పేరు పక్కన బాకీ కనబడుతూనే ఉంటుంది. ర్యాంకు రాలేదు కాబట్టి ఫీజు ఎక్కువ కట్టమంటే అర్థం చేసుకుంటాను. ర్యాంకు రాలేదు కాబట్టి వేరేవాళ్ళ బాకీకి నువ్వు జామీను ఉండు అంటే ఏం న్యాయం?

కాలేజీలదే తప్పు అని తేల్చేయడం కూడా నాకు ఇష్టం లేదు. ఈ పథకాన్ని చూసుకుని పుట్టిన కాలేజీలు చాలానే ఉన్నాయి, లెక్చరర్లు కాగితం మీదే ఉన్న కాలేజీల సంగతి మనకి తెలియంది కాదు. కానీ సరిగ్గా నడిచే కాలేజీకి కూడా ప్రతి నెలా జీతాలివ్వాలిగా. మా సి లాంగ్వేజ్ సార్‌కి ఐదు నెలలు జీతం రాకపోతే ట్యూషన్లు చెప్పుకునేవాడు, ఆ బాధలోనూ పాయింటర్లు అర్థమయ్యేలా చెప్పిన మనిషి. 2025 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల మీద బంద్‌కి దిగాయి. ప్రభుత్వం 1,200 కోట్లు విడతలుగా ఇస్తామంది. అందులో పెద్ద భాగం రాలేదని నవంబర్ 3 నుంచి మళ్ళీ బంద్. కాలేజీలకి బంద్ ఉంది, ప్రభుత్వానికి ట్రెజరీ ఉంది. విద్యార్థి దగ్గర ఏముంది?

పైగా గ్యాపు పెరుగుతోంది. 2022లో తెలంగాణలో ఇంజినీరింగ్ కనీస ఫీజుని 45 వేలు చేశారు, పెద్ద కాలేజీల్లో లక్షన్నర దాటింది. రీయింబర్స్‌మెంటు మాత్రం పదివేల పైన ర్యాంకున్న బీసీలకి 35 వేల దగ్గరే ఉంచారు. అంటే అన్నిటికంటే చవక కాలేజీలో కూడా ఏడాదికి పదివేలు ఇంటినుంచే.

డబ్బు నేరుగా తల్లుల ఖాతాలో వేస్తే సరిపోతుంది కదా అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో విద్యా దీవెన పేరుతో అదే చేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీలకే ఇవ్వాలని నిర్ణయించారు. తల్లి ఖాతాలో వేయడంలో గౌరవం ఉంది, ఒప్పుకుంటాను. కానీ విడత ఆలస్యమైతే కాలేజీ ఆ తల్లినే నిలబెట్టి అడుగుతుంది. ఎవరి ఖాతా అన్నది కాదు ప్రశ్న, ఏ తేదీ అన్నది.

ఇక మనవాళ్ళు ఇష్టంగా చెప్పే పరిష్కారం: "ఉచితాలు మానేసి లోన్లివ్వండి, సంపాదించాక కడతారు." ఆస్ట్రేలియా 1989 నుంచి అలాగే చేస్తోంది. సంపాదన ఒక స్థాయి దాటాకే టాక్సుతో పాటు కొంచెం కొంచెం కోసుకుంటారు, ఉద్యోగం లేకపోతే కట్టక్కర్లేదు. నాకు ఆ పద్ధతి మీద వ్యతిరేకత లేదు. కానీ అందులో మనవాళ్ళు గమనించని ముక్క ఒకటుంది: యూనివర్సిటీకి డబ్బు ప్రభుత్వమే ముందుగా కడుతుంది, అప్పు విద్యార్థికీ ప్రభుత్వానికీ మధ్యే ఉంటుంది. మన దగ్గర 2024 నవంబర్లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో షూరిటీ లేని లోన్లు ఉన్నాయి గానీ, అవి ర్యాంకింగుల్లో పైనున్న సంస్థలకే. మా వైపు పిల్లలు చేరే కాలేజీల్లో ఎక్కువ భాగం ఆ లిస్టులో ఉండేవి కావు.

నేను అడిగేది పెద్దదేం కాదు. శాంక్షన్ అయిన రోజే ఆ మొత్తం విద్యార్థి ఖాతాలోంచి తీసేసి ప్రభుత్వం పేరున బాకీగా రాయాలి. ఆర్నెల్లు దాటితే టాక్స్ రిఫండ్‌కి ఇచ్చే ఆ అర శాతమే వడ్డీ ఇవ్వాలి, అది కాలేజీకే పోనీ. సర్టిఫికెట్లు ఆపకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కానీ కాలేజీ ముందు నిలబడి ఆ నోటిఫికేషన్ చూపించే ధైర్యం, జాయినింగ్‌కి నాలుగు రోజులే ఉన్న పిల్లవాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది? కలెక్టరేట్‌లోనో, మా దగ్గరైతే ఐటీడీఏ ఆఫీసులోనో ఒక మనిషిని కూర్చోబెట్టి, ఆ మనిషి ఫోన్ చేస్తే కాలేజీ ఇచ్చేలా ఉండాలి.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం మా చిన్నాయన బిడ్డ ఫోన్ చేసింది. 2025లో బీటెక్ అయిపోయింది, బెంగళూరులో ఉద్యోగం. "అన్నా, టీసీ ఇస్తలేరే. డెబ్బై వేలు కట్టమంటున్నరు. నాయినకు ఇంకా చెప్పలే" అంది. ఏడేళ్ళ తర్వాత, వేరే కాలేజీలో, అదే అంకె. ఈపాస్‌లో చూస్తే శాంక్షన్ అయినట్టే ఉంది, డబ్బే రాలేదు.

నేను పంపించాను. "సర్కారు ఇచ్చినంక నీకిస్త అన్నా, ఒట్టు" అంది. రాత్రి బాపుకి ఫోన్లో చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రసీదు తీస్కొమ్మను. నాకు అప్పుడు రసీదు ఇయ్యలే" అన్నాడు.