మా క్లాసులో అసలు కోటాగాణ్ణి నేనే

మొన్న ఆఫీసు కేంటీన్లో మావాడొకడు మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు. "రిజర్వేషన్లూ, ఫీజు రీయింబర్స్‌మెంటూ కలిసి మన ఇంజనీరింగ్ కాలేజీల్ని నాశనం చేశాయి గురూ!" అని. చుట్టూ ఉన్న అరడజను తలలూ ఊగాయి. పొద్దున్నే డైవర్సిటీ మీద గంటసేపు ట్రైనింగ్ విని వచ్చిన తలలే అవన్నీ!

నేను నోరు మూసుకుని దోశె తినేశాను. ఆ తర్వాత సిగ్గేసింది. అందుకే ఈ టపా.

2009లో రాజమండ్రి చుట్టుపక్కల ఓ ప్రైవేటు కాలేజీలో చేరాను. ఎంసెట్లో నా ర్యాంకు బయటికి చెప్పుకునేది కాదు. కోనసీమలో అరెకరం కొబ్బరితోట అమ్మేసి నాన్న నాకు మేనేజ్‌మెంటు సీటు కొన్నారు. హాస్టల్లో నా రూమ్మేటు రంపచోడవరం అవతల్నుంచి వచ్చిన కొండరెడ్ల కుర్రాడు. ఎస్టీ కోటా. నా ర్యాంకు వాడి ర్యాంకుకి సరిగ్గా రెట్టింపు, అంటే పరీక్ష నాకంటే వాడే బాగా రాశాడు. అయినా నాలుగేళ్ళూ "కోటాగాడు" అనిపించుకున్నది వాడే. నన్ను ఒక్కడు ఒక్క మాట అన్లేదు.

ఇంజనీర్లం కదా, కాస్త లెక్క చూద్దాం. ప్రైవేటు కాలేజీలో వంద సీట్లుంటే 70 కన్వీనర్ కోటా, 30 మేనేజ్‌మెంటువి. ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 6, బీసీలకి 29.. ఇవన్నీ ఆ 70లోనే. అమ్మాయిలకిచ్చే మూడో వంతూ అందులోదే. అంటే మొత్తం వందలో ఎస్సీ, ఎస్టీలిద్దరికీ కలిపి పదిహేను సీట్లు కూడా రావు. డబ్బున్నవాడికి మాత్రం దానికి రెట్టింపు! మరి ఏది పెద్ద రిజర్వేషను?

"నీ ఫీజు నువ్వు కట్టుకున్నావు, వాడిది సర్కారు కట్టింది" అంటారా? నిజమే. ఆ సర్కారు డబ్బు చూసుకునే కదండీ 2008 తర్వాత మన జిల్లాల్లో అన్ని కాలేజీలు లేచాయి! పైగా అందులో అగ్రవర్ణ పేదల ఫీజులూ ఉన్నాయి. ఓసారి ఆ డబ్బు ఆలస్యమైందని పరీక్షల ముందు మా రూమ్మేటు హాల్ టిక్కెట్టు ఆపేశారు. రెండ్రోజులు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు పాపం. నేను గదిలో ఫ్యానేసుకుని చదువుకున్నాను. ఇద్దరం రాసింది ఒకే పేపరు.

డబ్బు పెట్టి సీటు కొనుక్కోవడం నేరం అనట్లేదు. దాన్ని మెరిట్ అనొద్దు, అంతే. కాలేజీవారీగా, కులంవారీగా, అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఆఖరి ర్యాంకులెంతో కన్వీనర్ కోటా పట్టికలో అచ్చవుతాయి. బీసీ-డి అమ్మాయి ర్యాంకు ఊరంతా చూడొచ్చు. ఆ పట్టికలో నాలాంటి వాడికి గడే లేదు. ముందు ఆ గడి పెట్టించండి. మేనేజ్‌మెంటు సీట్ల ర్యాంకులూ గోడకెక్కాక, నాణ్యత ఎవడివల్ల పోయిందో తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఈసారి కేంటీన్లో ఆ పాట మొదలైతే దోశె పక్కనపెట్టి నా ర్యాంకు చెప్పేస్తాను. ఇది చదువుతున్న వాళ్ళలో నా కోటా వాళ్ళు ఎంతమందున్నారో.. చెయ్యెత్తండి చూద్దాం!