గుండ్రంగా విచ్చుకున్న వల
ఫొటోలే జీవనాధారమైనవాళ్లకు దొరకని భాగ్యం మాబోటి వాళ్లకొకటి ఉంది: ఎన్ని సాయంత్రాలైనా ఉత్తచేతులతో ఇంటికి రావచ్చు, అడిగేవాళ్లుండరు. రాజమండ్రి గట్టున నిలబడితే పొద్దు అవతల కొవ్వూరు వైపు గుంకుతుంది. ఎదురుగా 1900 నుంచి దాదాపు నూరేళ్లు రైళ్లను మోసి 1997లో విశ్రమించిన హేవలాక్ వంతెన, దాని పక్కనే ఆర్చి వంతెన. చాలామంది ఆ ఆర్చిల మధ్య రైలు కోసం కాసుకుంటారు, నేనూ కాసుకున్నాను. నా మనసు మాత్రం విసురువల మీదే. పడవ అంచున నిలబడ్డ మనిషి నడుం తిప్పి విసిరాక, వల గుండ్రంగా విచ్చుకుని నీళ్లను తాకేలోపు దొరికేది రెప్పపాటు. తొందరపడితే ముద్ద, ఆలస్యమైతే నీటి మీద వలయం. షట్టర్ సెకనులో వెయ్యోవంతుకు పెట్టుకుని కార్తీకమంతా తిరిగితే ఒక్కసారి పడింది: పూర్తిగా విచ్చుకున్న వల, దాని అంచున పొద్దుకు మెరుస్తున్న నీటిబొట్లు. అలాంటిదాన్ని ఫోన్లో దాచేసుకోవడం తప్పనే అంటాను. ప్రింటు వేయించాలి, ఫొటోలో ఉన్న మనిషి చేతిలో పెట్టాలి. నేను పెట్టాను. ఆయన కాగితాన్ని వేలితో తడిమి, వలలో నేను గమనించని ఓ అతుకు చూపిస్తూ, "ఆయ్, ఇది మా ఆవిడ కుట్టిందండి" అన్నాడు.